బొప్పాయి మెరుపు

ఫిబ్రవరి 3, సోమవారం

ఇవాళ నా చేతులతో హీరోయిన్‌కి మేకప్ వేశాను. హీరోయిన్ చెల్లికి కాదు, వదినకి కాదు, గుంపులో వెనక నవ్వే అమ్మాయికి కాదు. అచ్చంగా హీరోయిన్‌కి. యూనియన్ వాళ్ళు ఆడవాళ్ళకి మేకప్ కార్డు ఇవ్వని రోజుల్లో జడలల్లీ కొప్పులు కట్టీ బతికిన దాన్ని. ఇప్పుడు తెర మీద ‘మేకప్: ప్రేమకుమారి’ అని పడుతుంది. ఆ అక్షరాలు ఫొటో తియ్యాలంటే థియేటర్లో ఏ వరుసలో కూర్చోవాలో మా ఆయన అప్పుడే లెక్కలు వేస్తున్నారు. సుందర్ రాజు గారికి సంతోషం వస్తే ఇంతే, కాలు ఒక చోట నిలవదు. లైట్లు మోసి మోసి అరిగిన మోకాళ్ళని కూడా మర్చిపోతారు.

పిల్ల పేరు లాస్య. భీమవరం వాళ్ళు. మొదటి సినిమా. కుర్చీలో కూర్చోగానే, “నాది సెన్సిటివ్ స్కిన్ ఆంటీ. ఏది పడితే అది పడదు” అంది భయం భయంగా. నాకు నవ్వొచ్చింది. “నా దగ్గర మందులూ మాకులూ ఉండవమ్మా. పళ్ళే. తినే పండు మొహానికేం చేస్తుంది?” అన్నాను.

నా పూత సంగతి యూసుఫ్‌గూడలో సీరియల్ పిల్లలందరికీ తెలుసు. పండిన బొప్పాయి గుజ్జు, కమలా తొక్కల పొడి, రెండు స్ట్రాబెర్రీలు, చివర్లో నిమ్మరసం. ఎప్పుడూ ముందు నా ముంజేతి మీద రాసుకుని చూస్తాను. ఇవాళా చూశాను. చీమ కుట్టినట్టు కూడా లేదు.

పాపకి పూశాక “ఎలా ఉంది?” అన్నాను.

“చల్లగా ఉంది ఆంటీ.”

పాప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేకప్ వేసే ఆ క్యారవాన్‌లో ఏసీ మరీ ఎక్కువ పెడుతున్నారు. రేపు డ్రైవర్‌తో చెప్పాలి.

కడిగాక చూడాలీ! రెండు చెంపలూ పండిపోయాయి. డైరెక్టర్ రిత్విక్ కుర్రాడే కానీ కన్ను మంచిది. మానిటర్ దగ్గర నుంచే అరిచాడు. “ప్రేమ గారూ, ఏంటండీ ఆ గ్లో! బుగ్గలకి బ్లష్ రంగు వేశారా?” వెయ్యలేదన్నాను. “అయితే అదే లుక్. మన కథంతా ఒక్క రోజులో జరుగుతుంది కదా. పొద్దున కాఫీ నుంచి రాత్రి పెళ్ళివారు వెళ్ళేదాకా ఒకే చీర, ఒకే జడ, ఒకే మొహం. ఈ చెంపలు సినిమా మొత్తం ఇలాగే ఉండాలి. కంటిన్యుటీకి ఫొటోలు తీసుకోండి.”

తీసుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనకి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఇవాళ కూడా మెరుపు వచ్చింది. ప్రభువుకి స్తోత్రం.

ఫిబ్రవరి 6, గురువారం

పాప మంచిది. భోజనం వస్తే ముందు నాకు పెడుతుంది. పాప చిన్నప్పుడే వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చిందట, మంచం మీదే ఉంటుందట. “మా అమ్మ చేతులు కదలవు ఆంటీ. ఎవరైనా మొహానికి ఏదైనా రాస్తే నాకు హాయిగా ఉంటుంది” అంది. నేను ఇంకో పొర పూశాను.

“ఎలా ఉంది?”

“చల్లగా ఉంది ఆంటీ.”

కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. కొత్త కదా, షాట్ అంటే బెదురు.

హెయిర్ డ్రెస్సర్ కౌసల్య మాత్రం జడ అల్లుతూ ఊరికే ఉండదు. రహమత్ నగర్ నుంచి రోజూ నాతోపాటే ఆటోలో వస్తుంది, దారి పొడుగునా నోరు మూయదు. “అక్కా, గా పిల్ల చెంపలు జర చూడు. పొద్దుగాల పూత ఎయ్యకముందే ఎర్రగున్నయి” అంది.

“అదేనే మెరుపంటే. లోపలి నుంచి వస్తోంది” అన్నాను.

“లోపలికెల్లి ఏమొస్తుందో నాకేమెరుక” అని జడలో పిన్ను గుచ్చింది.

దానికి కుళ్ళు. పాపం, దాని తప్పు కాదు. ఒకప్పుడు ఇద్దరం దువ్వెనలే పట్టుకున్నాం.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో సాక్ష్యం చెప్పాను. హీరోయిన్‌కి మేకప్ అనగానే వెనక బెంచీల్లో ఆడపిల్లలందరూ మెడలు సాచారు. బయటికొచ్చాక హెలెన్ వదిన పక్కకి లాగి, “ఆ పళ్ళ పూత ఏదో సీసాల్లో పోసి అమ్మరాదా” అంది. అనుకోకుండా అంది కానీ నా మనసులో మాటే. పేరు కూడా పెట్టేశాను. ‘ప్రేమ పళ్ళ పూత’. సీసా మీద బొప్పాయి బొమ్మ.

చాలా హాయిగా ఉంది. ఈ వయసులో ఇంత హాయి వస్తుందని అనుకోలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

మెరుపు కొంచెం తగ్గింది. ఎరుపు ఉంది కానీ మొదటి రోజులా నునుపుగా లేదు. ఫౌండేషన్ పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. పౌడరు మార్చాను.

ఫిబ్రవరి 12, బుధవారం

పౌడర్ది కాదు తప్పు. దిండు గలీబు రోజూ మార్చుకోమని పాపకి చెప్పాను.

ఫిబ్రవరి 13, గురువారం

దిండుది కూడా కాదనుకుంటా. సెట్లో బిర్యానీ పెడుతున్నారు, ఆ నూనె. పాపని పెరుగన్నం తినమన్నాను. అలాగే తింది.

రిత్విక్ మొదటి రోజు ఫొటో, ఇవాళ్టి ఫొటో పక్కపక్కన పెట్టి చూశాడు. “కొంచెం డల్ అయింది ప్రేమ గారూ. మళ్ళీ ఆ గ్లో కావాలి. నిర్మాత గారు ముంబై మేకప్ ఆర్టిస్ట్‌ని తెద్దామంటే, వద్దు మన ప్రేమ గారున్నారని నేనే పట్టుబట్టాను.” మర్యాదగానే అన్నాడు. కానీ నాకు అన్నం సహించలేదు.

దారిలో కృష్ణా నగర్‌లో దిగి పచ్చి బొప్పాయి కొన్నాను. పండిన దానికంటే పచ్చి దానికి బలం ఎక్కువ. తెల్లటి పాలు కారతాయి చూడూ, అదంతా సత్తువే. ముంజేతి మీద రాసుకున్నాను. ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

వచ్చింది! మొదటి రోజు కంటే ఎక్కువ. రిత్విక్ బొటనవేలు చూపించాడు.

పాప ఇవాళ అద్దంలోకి చూడలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది. డైలాగులు నెమరేసుకుంటోందేమో.

“ఎలా ఉంది?”

కొంచెం ఆగి చెప్పింది. “చల్లగా ఉంది ఆంటీ.”

కౌసల్య ఇవాళ ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

రాయకుండా ఉండాలనిపిస్తోంది. రాస్తాను.

ఆరాధన నుంచి వచ్చాక ఆయన మటన్ పెట్టుకుని కూర్చున్నారు. ఆదివారం వంట ఆయనదే. ముదురు మాంసం ఇచ్చాడని కొట్టువాణ్ణి తిడుతూ, “ప్రేమా, ఫ్రిజ్‌లో పచ్చి బొప్పాయి కనపడింది. ఇలా తే, కాస్త తురిమి పట్టిస్తాను” అన్నారు.

“దాని జోలికి వెళ్ళకండి. అది పాప మొహానికి.”

ఆయన చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. “దేనికీ?”

“మొహానికి. పూతలో వేస్తున్నాను.”

“ముదురు మేకపోతుని అరగంటలో మెత్తబరిచేది ఇదేనే! దీన్ని ఆ పిల్ల బుగ్గలకి రుద్దుతున్నావా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. మాంసం వేరు, మొహం వేరన్నాను. జన్మంతా లైట్లు మోసిన మనిషికి చర్మం గురించి ఏం తెలుసన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన ఓ ముక్క మాత్రం కోసి తురిమి, మాంసానికి పట్టించి మూతపెట్టారు.

మటన్ దూదిలా ఉడికింది. వేలితో నొక్కితే విడిపోతోంది. ఒక్క ముద్ద కూడా తినలేకపోయాను.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఆ మిగిలిన బొప్పాయి తీశాను. పూత కలిపాను. ముంజేతి మీద కాదు. నా చెయ్యి ఎన్నేళ్ళుగా స్పిరిట్‌లో, గమ్‌లో, రిమూవర్‌లో నానిన చెయ్యి. వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనదు దానికి. చెవి కింద, మెడ దగ్గర, ఎప్పుడూ ఏదీ తగలని చోట రాసుకున్నాను.

మండింది.

ఆగాను. ఇంకా మండింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఇంట్లో ఏసీ లేదు.

చల్లగా ఉంది ఆంటీ. చల్లగా ఉంది ఆంటీ. చల్లగా ఉంది ఆంటీ.

ఫిబ్రవరి 17, సోమవారం

అందరికంటే ముందు వెళ్ళాను. క్యారవాన్‌లో అద్దం చుట్టూ ఉన్న బల్బుల కింద కాదు, పాపని మెట్ల మీద ఎండలో కూర్చోబెట్టి చూశాను. చెంపల మీద సన్నగా పొక్కులు. ముక్కు పక్కన పొట్టు లేచిపోతోంది. ఇన్నాళ్ళూ ఈ మొహాన్ని నేను చూడలేదు, ఫొటోలో మొహాన్నే చూశాను.

“పూత తీసుకురాలేదా ఆంటీ?” అంది.

“లేదు. నిజం చెప్పు. మండేదా?”

తల దించుకుంది.

“మొదటి రోజు నుంచీనా?”

“ఊఁ.”

“మరి చల్లగా ఉందన్నావేమే పిచ్చిపిల్లా!” అరిచేశాను. కోపం దాని మీద కాదు.

“కొత్త హీరోయిన్ అది పడదు ఇది పడదు అంటే తలబిరుసంటారని మా మేనేజర్ చెప్పింది. పైగా మీరు ఎంతో ఇష్టంగా పూసేవారు. మీ చేతులు చల్లగానే ఉండేవి ఆంటీ. పూత మండేది, చేతులు చల్లగా ఉండేవి. నేను చేతుల గురించి చెప్పేదాన్ని.”

ఏడ్చాను. మేకప్ వేసే మనిషి హీరోయిన్ ముందు ఏడవకూడదు. ఏడ్చాను.

కౌసల్య వచ్చి ఇద్దర్నీ చూసింది. “నేను చెప్తనే ఉన్న కదక్కా. ఇన్నవా?” అంది. అని నా భుజం మీద చెయ్యేసింది. దానికి కుళ్ళు అని రాశాను ఇక్కడే. కొట్టెయ్యను. ఉండనీ.

జూబ్లీహిల్స్‌లో డాక్టర్ మనోజ్ఞ దగ్గరికి తీసుకెళ్ళాను. చర్మం డాక్టరు. చిన్నావిడ. నేను కలిపేవన్నీ ఒక్కొక్కటే అడిగింది. నేను చెబుతుంటే నా గొంతు నాకే సన్నగా వినపడింది.

“పళ్ళన్నీ చెడ్డవని కాదండీ” అంది. “కొందరికి బాగానే పడతాయి. ఈ అమ్మాయి చర్మం పల్చన, పైగా రోజూ మేకప్, లైట్ల వేడి. నిమ్మలో, కమలా తొక్కలో పులుపు ఉంటుంది. బొప్పాయి పాలు చర్మం పైపొరని తినేస్తాయి. చెట్టు నుంచి వచ్చిందని మెత్తగా ఉండాలని లేదు కదా.”

“మరి ఆ మెరుపు?”

“మెరుపు కాదండీ అది. వాపు. చర్మం ఎర్రబడి, ఉబ్బి, బిగిస్తే నున్నగా కనపడుతుంది.”

అన్నీ ఆపెయ్యమంది. చల్లటి నీళ్ళు, వాసన లేని మామూలు క్రీము, ఎండలోకి వెళ్ళకూడదు. చర్మం తేరుకునేదాకా మేకప్ అసలు వద్దంది. మచ్చలు పడతాయా అని అడిగాను. ఇప్పుడే వచ్చారు కాబట్టి పడవని అంది. ఇంకొన్నాళ్ళు అలాగే పూసి ఉంటే చెప్పలేనంది. ఆ మాట దగ్గర పాప నా చెయ్యి పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

రిత్విక్‌కి చెప్పాను. దాచి పౌడర్ వేసి నెట్టుకొద్దామని ఒక్క క్షణం అనిపించింది. అనిపించిందనే రాస్తున్నాను.

ఆ అబ్బాయి ఫోన్లో మొదటి రోజు ఫొటో తీసి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. “అంటే ప్రేమ గారూ, మనం ఇన్నాళ్ళూ తీసింది దద్దుర్లనా?”

“అవును బాబూ.”

“సినిమాలో సగం అయిపోయింది. హీరో లాస్య బుగ్గలు చూసి ప్రేమలో పడే సీన్ అయిపోయింది! ఇప్పుడు మామూలు బుగ్గలతో మిగతా సగం ఎలా తియ్యాలి? కథంతా ఒక్క రోజండీ!”

“ఆ పిల్లకి కొన్నాళ్ళు సెలవివ్వండి. తగ్గాక ఆ ఎరుపు నేను రంగుతో తెస్తాను. పళ్ళతో కాదు.”

“తేలేకపోతే?”

“ముంబై నుంచి పిలిపించుకోండి. నా పేరు తెర మీద వెయ్యకండి. నేనేం అనుకోను.”

అనుకుంటాను. చాలా అనుకుంటాను. అయినా అన్నాను.

అతను జుట్టు పీక్కున్నాడు. హీరో సీన్లు ముందుకు జరుపుతానన్నాడు. పాప పనిలోకి వచ్చే రోజు మొదటి షాట్ చూసి తేలుస్తానన్నాడు. నా గురించే, ఇంకెవరి గురించి!

ఇంటికొచ్చి ఆయనకి క్షమాపణ చెప్పాను. “దేనికి?” అన్నారు తెలియనట్టు. “లైట్లు మోసిన మనిషి అన్నందుకు.” “మోశాను కదే, అందులో తప్పేముంది” అని టీ పెట్టిచ్చారు.

ఫిబ్రవరి 20, గురువారం

పాపకి పొట్టు రాలుతోంది. కింద చర్మం మంచిగా ఉంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

రంగులు కలుపుతున్నాను. కౌసల్య చెంపలే నా పలక. గులాబీ ఎక్కువైతే జాతరలో బొమ్మలా ఉంటోంది, ఇటుక రంగు వేస్తే జ్వరం తగిలినట్టుంది. బ్రష్‌తో వేస్తే రంగు పైన కూర్చుంటోంది. ఆ ఎరుపు చర్మంలోంచి వచ్చినట్టు ఉండాలి.

ఆయన వచ్చి కిటికీ తెర లాగి, టేబుల్ లైటు తెచ్చి, పైన బటర్ పేపర్ కట్టి, కౌసల్య మొహానికి ఎడం పక్క నుంచి పెట్టారు. “మీ సెట్లో కీ లైట్, అదే అసలు లైటు, ఇటు నుంచే కదా వస్తోంది. ట్యూబ్‌లైట్ కింద కలిపితే ఏం తెలుస్తుంది?” వేసిన రంగు తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాను.

“అన్నా, నా మొఖం మీద మీ ఆలుమగలు ఏంది గీ కథ” అంది కౌసల్య. ముగ్గురం నవ్వాం.

ఫిబ్రవరి 22, శనివారం

పలచటి రంగు స్పాంజి మూలతో అద్దాలి, ఆరనివ్వాలి, మళ్ళీ అద్దాలి. అన్నిటికంటే కింద. పైన ఫౌండేషన్ దాదాపు లేనట్టే. అప్పుడు లోపలి నుంచి వచ్చినట్టుంది.

లోపలి నుంచి. ఈ మాట కౌసల్యతో ఇంతకు ముందే ఒకసారి అన్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

డాక్టరు సరేనంది. రంగులు, క్రీము అన్నీ ముందురోజే పాప చెవి వెనక కొంచెం కొంచెం రాయించి, ఒక రోజంతా ఆగి, ఏమీ కాలేదని చూశాకే వేశాను.

మొదటి షాట్. రిత్విక్ మానిటర్‌కి మొహం ఆనించి, పాత షాట్ పక్కన కొత్తది పెట్టించి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

“ఇందులో బొప్పాయి ఏది, రంగు ఏది?” అన్నాడు.

“మీరే చెప్పండి బాబూ.”

ఎడమవైపుది రంగు అన్నాడు. అది బొప్పాయి.

కౌసల్య అందరి ముందూ చప్పట్లు కొట్టింది. రిత్విక్ కూడా నవ్వేసి, “ముంబై వద్దులెండి” అన్నాడు. ఫిల్మ్‌నగర్ కొండ మీద నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాను. ఆటో ఎక్కాలని తోచలేదు.

మార్చి 8, శనివారం

షూటింగ్ చివరి రోజు. గుమ్మడికాయ కొట్టారు.

దానికి ముందు ఒకటి జరిగింది. ఏదో సౌందర్య సాధనాల కంపెనీ వాళ్ళు వచ్చారు. సినిమాకి వాళ్ళదీ కొంత సాయం ఉందట. సీసా మీద రకరకాల పళ్ళ బొమ్మలు. అంతా పళ్ళ సారమేనట, పాప మొహానికి రాస్తుండగా వీడియో తీసుకుంటారట. సీసా మీద బొప్పాయి కూడా ఉంది. నేను అనుకున్న చోటే, సరిగ్గా మధ్యలో. చూసి నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

వాళ్ళ అమ్మాయి, “అంతా నేచురల్ మేడమ్, సెన్సిటివ్ స్కిన్‌కి కూడా సేఫ్” అని బ్రష్ ఎత్తింది. నేను ఆ చెయ్యి ఆపాను. “చెవి వెనక రాసి ఒక రోజు ఆగాలమ్మా” అన్నాను. టైమ్ లేదంది. నిర్మాత గారి మనిషి నా వైపు గుర్రుగా చూశాడు. కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి, అందరూ నిలబడి ఉన్నారు. సరే, కనీసం ఒక్క చుక్క అని, పాప చెవి వెనక నేనే రాశాను.

“ఎలా ఉంది?”

పాప కంపెనీ వాళ్ళని చూసింది. నిర్మాత మనిషిని చూసింది. కుర్చీ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉందంటే నేనేం చెయ్యను?

కుర్చీ చెయ్యి వదిలేసింది.

“మండుతోంది ఆంటీ” అంది, అందరికీ వినపడేలా. “తుడిచెయ్యండి.”

కంపెనీ అమ్మాయి బ్రష్ దించింది. సీసా చేత్తో పట్టుకుని నవ్వితే చాలని రిత్విక్ సర్దిచెప్పాడు. పాప అదీ వద్దంది. “నాకు మండింది కదా సార్, బాగుందని ఎలా చెప్పను?” అంది. తలబిరుసని ఎవరూ అనలేదు. అని ఉంటే నా నోట్లోంచి ఏం వచ్చేదో నాకే తెలియదు.

నేను చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి చెవి వెనక మెల్లగా తుడిచాను. రెండుసార్లు తుడిచాను.

“ఇప్పుడెలా ఉంది?”

“ఇప్పుడు చల్లగా ఉంది ఆంటీ.”

ఈసారి నమ్మాను.